వనభోజనం మీది, ఎంగిలాకు మాదా?

కార్తీకం వచ్చిందంటే మన కడప జిల్లాలో కొండలకూ ఏటి గట్లకూ జనం బండ్లు కడతారు. పాలకొండల కింద, పాపాఘ్ని ఒడ్డున, పుష్పగిరి కాడ పెన్న గట్టున, యాడ ఉసిరిచెట్టు కనబడితే ఆడ పొయ్యి పెడతారు. ఒక ఆదివారం ఒక కులం వనభోజనం, ఇంకో ఆదివారం ఇంకో కులం వనభోజనం. ఫ్లెక్సీలు కడతారు, మైకులు పెడతారు, మా కులమంతా ఒక్క తాటి మీద నడవాలని ఉపన్యాసాలు ఇస్తారు. పొద్దుగూకే సరికి కార్లెక్కి పోతారు.

సోమవారం పొద్దున ఆ చెట్టు కింద మిగిలేదేమిటి? ఎంగిలి విస్తళ్ళు, థర్మోకోల్ పళ్ళేలు, నీళ్ళ ప్యాకెట్లు, పగిలిన సీసాలు, సగం కాలిన కట్టెలు. వాటిని ఎత్తడానికి కబురు ఏ పేటకు పోతుందో పసిపిల్లోన్ని అడిగినా చెప్తాడు. వనానికి పోయి తినడానికి ఒక కులం, ఆ వనాన్ని ఊడ్చడానికి ఇంకో కులం. ఇది వనభోజనమా, వర్ణభోజనమా?

ఇప్పుడు పత్రికల్లోనూ ప్రభుత్వ బోర్డుల మీదా కొత్త మాట ఒకటి కనబడుతోంది. ‘బాధ్యతగల పర్యాటకం’ అంట. అడవికి పోండి, కొండకు పోండి, కానీ ప్రకృతికి నష్టం చేయకండి, మీరు పోయిన గుర్తు కూడా మిగలకూడదు అని చెప్తున్నారు. మంచి మాటే. మేమూ ఒప్పుకుంటాం. కానీ ఒక ప్రశ్న అడుగుతాం. మీరు పోయిన గుర్తు మిగలకుండా చేసేది ఎవరు? మీరేనా, లేక మీ వెనక చీపురు పట్టుకొని వచ్చే మా అక్కాచెల్లెళ్ళా?

కసువు మాయం కాదు. చేతులు మారుతుంది, అంతే. పట్నం నుంచి వచ్చినోడు పారేస్తే పల్లె మీద పడుతుంది. పల్లెలో పెద్దింటోడు పారేస్తే పేట మీద పడుతుంది. కొండ మీద పారేస్తే వంకలో పడుతుంది, వంక నుంచి ఏటికి, ఏటి నుంచి దిగువోళ్ళ బిందెలోకి పోతుంది. అందుకే మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. అడవికి పోయినోడు తన ఎంగిలి తానే ఎత్తుకొని ఇంటికి రావాలి. ఇది ప్రకృతిని కాపాడే మాట. కులాన్ని కూలగొట్టే మాట కూడా. ఈ రెండూ వేరువేరు కాదని మన సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ గుర్తించాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

గండికోటకు కోట్లు వస్తున్నాయి, మనకేం వస్తుంది?

మన కమలాపురం నుంచి ఎర్రగుంట్ల మీదుగా జమ్మలమడుగు పోతే ఆడికి దగ్గరే గండికోట. పెన్న ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయిన గండి అది. ఆ గండి అంచున కోట కట్టినారు కాబట్టి గండికోట. పెమ్మసాని నాయకుల కాలం నాటి కోట, మాధవరాయ గుడి, రంగనాథ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ ఒక్కచోట ఉన్నాయి. ఇప్పుడు దాన్ని ‘భారతదేశపు గ్రాండ్ కేన్యన్’ అని పిలుస్తున్నారు. శని, ఆదివారాలు బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి కార్లు, మోటారుసైకిళ్ళు వస్తాయి. గండి అంచున గుడారాలు వేస్తారు, రాత్రి పాటలు పెడతారు, సూర్యోదయం చూసి పోతారు.

2024 నవంబరులో కేంద్ర పర్యాటక శాఖ దేశంలో 40 చోట్లకు నిధులు మంజూరు చేసింది. అందులో గండికోటకు సుమారు 78 కోట్ల రూపాయలు. అది ఊరికే ఇచ్చిన డబ్బు కాదు. కేంద్రం రాష్ట్రానికి ఇచ్చిన 50 ఏళ్ళ వడ్డీలేని అప్పు. అంటే ఈ రోజు ఒకటో తరగతి చదివే పిల్లలు తలనెరిసేదాకా మోసే అప్పు. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా కూడా ఇచ్చింది. పరిశ్రమ అన్నాక పెట్టుబడి ఎవరిది, లాభం ఎవరిది, పొగ ఎవరిది, బూడిద ఎవరిది అని అడగాల్సిందే కదా?

కోటలోపల చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో మనుషులున్నారు. వాళ్ళ వాకిళ్ళ ముందే కార్లు పోతాయి. కోట పైవైపు కట్టిన గండికోట జలాశయం కింద మునిగిన ఊళ్ళున్నాయి. 26.85 టీఎంసీల ఆ జలాశయంలో 2020లో నీళ్ళు పెంచుతున్నప్పుడు తాళ్ళప్రొద్దుటూరు జనం ఇళ్ళు వదిలి పోవాల్సి వచ్చింది. ఇళ్ళు పోయినోళ్ళకు ఆ నీళ్ళను చూస్తే ఏమనిపిస్తుందో, కొండ మీద నిలబడి ఫోటో దిగేవాళ్ళకు ఎవరైనా చెప్తున్నారా? ప్రకృతి అందమంటే రాయీ నీళ్ళూ మాత్రమే అనుకుంటే అక్కడి మనిషి కనబడడు. మనిషి కనబడని చూపుతో ప్రకృతిని కాపాడలేరు.

ఆ 78 కోట్లలో రోడ్లుంటాయి, దీపాలుంటాయి, కట్టడాలుంటాయి. మనవాళ్ళకు ఏముంటుంది? కాంట్రాక్టరు కింద చీపురు పని, మరుగుదొడ్డి పని, గేటుకాడ కాపలా పని. గైడు పని ఇంగ్లీషు వచ్చినోడికి. హోటలు డబ్బున్నోడికి. గుడారాల వ్యాపారం ఊళ్ళో పలుకుబడి ఉన్నోడికి. చీపురు మాత్రం ఏ పోటీ పరీక్షా లేకుండా మన చేతికే వస్తుంది. వెయ్యేళ్ళుగా మనకు నూటికి నూరు శాతం రిజర్వేషన్ అమలైన ఉద్యోగం అదొక్కటే. దానికి వ్యతిరేకంగా మాత్రం ఎవరూ ఊరేగింపు తీయరు!

నీళ్ళు ఖరాబు చేసేది ఎవరు, తాగేది ఎవరు?

మన సీమలో నీళ్ళ మాట ఎత్తకుండా అడవి మాట ఎత్తలేం. పాపాఘ్ని ఏడాదిలో చానా నెలలు ఇసకే. ఆ ఇసక కింద ఊరే నీళ్ళే గట్టు మీది పల్లెలకు ఆధారం. చెలమ తీసి చెంబుతో తోడుకున్న తల్లులు ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఉన్నారు. 2021 నవంబరు వరదలకు కమలాపురం కాడ పాపాఘ్ని వంతెన కూలిపోయింది. ఎండిన ఏరు చచ్చిన ఏరు కాదని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది. ఎండాకాలంలో ఇసకలో వదిలిన సీసా, సంచి, డైపరు అన్నీ ఏరు వచ్చినప్పుడు లేచి నడుస్తాయి. పాపాఘ్ని నుంచి పెన్నకు, పెన్న నుంచి పుష్పగిరి రేవుకు, అక్కణ్ణించి సోమశిలకు, నెల్లూరుకు, సముద్రానికి పోతాయి. మధ్యలో ఏ చేని కంచెకు తగులుకుంటే ఆ రైతు మీద పడతాయి. ఏ గొడ్డు నోటికి తగిలితే ఆ గొడ్డు కడుపులో ఉండలు కట్టుకుంటాయి. కడుపునిండా ప్లాస్టిక్ సంచులతో చచ్చిన ఆవుల్ని కోసి చూసిన పశువుల డాక్టర్లను అడగండి. ఆ చచ్చిన గొడ్డును లాగేసేది మళ్ళీ ఎవరో చెప్పాల్నా?

నీళ్ళు ఖరాబు చేయడం చిన్న తప్పని అనుకునేవాళ్ళకు కారంచేడు గుర్తు చేస్తాం. 1985 జూలైలో అక్కడ మొదలైంది దేనితో? మాదిగపల్లె జనం తాగే నీళ్ళ చెరువు కాడ పెద్ద కులపోళ్ళు గేదెల కుడితి బకెట్లు కడిగినారు. మా తాగే నీళ్ళను ఎందుకు ఖరాబు చేస్తారని అడిగినందుకు పిల్లోన్ని కొట్టబోయినారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డుకుంది. ఆ మరుసటి రోజు, జూలై 17న, ఊరు మీద పడి ఆరుగురు దళితుల్ని చంపినారు. ఒక బకెట్టు కడుగునీళ్ళ కోసమా ఇంత అని లోకం ఆశ్చర్యపోయింది. నీళ్ళను శుభ్రంగా ఉంచమని అడిగే హక్కు దళితులకు లేదనే అహంకారమే అక్కడ కత్తి పట్టింది.

ఆ నెత్తురు వూరికే పోలేదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఒక మాట చేరింది. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊటనూ, జలాశయాన్నీ, మరే నీటి వనరునైనా వాడకానికి పనికిరాకుండా ఆ కులాలకు చెందనివాడు ఖరాబు చేస్తే అది నేరం. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. 2015లో చట్టాన్ని సవరించినప్పుడు కూడా ఆ మాట అట్లే ఉంది. మన కార్యకర్తలు ఈ చట్టాన్ని కొట్టినప్పుడు, తిట్టినప్పుడు మాత్రమే బయటికి తీస్తున్నారు. పేట పైన వంకలో సబ్బునురుగు వదిలి, సీసాలు పగలగొట్టి పోయే జల్సారాయుళ్ళ విషయంలో కూడా ఇది చదువుకొని పెట్టుకోవాలి. పర్యావరణ చట్టం వెదకడానికి మనం ఢిల్లీ దాకా పోనక్కరలేదు. అది మన చట్టంలోనే ఉంది.

కలివికోడి చెప్పే పాఠం

మన జిల్లా పేరు ప్రపంచమంతా తెలిసింది దేనివల్ల? చానామందికి రాజకీయ నాయకులే గుర్తొస్తారు. పక్షుల శాస్త్రం చదివినోళ్ళకు మాత్రం గుర్తొచ్చేది కలివికోడి. లంకమల కింద కలివిపొదల మధ్య రాత్రిపూట తిరిగే చిన్న పక్షి. 1848లో దాని గురించి మొదట రాసినారు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. జాతే అంతరించిందని పుస్తకాల్లో రాసేసుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె కాడ మళ్ళీ దొరికింది.

దాన్ని కనిపెట్టింది ఎవరు? బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వచ్చి పల్లెల్లో బొమ్మ చూపించి అడిగితే, ఆ పక్షి మాకు తెలుసని చెప్పింది అడివి పట్టుకొని బతికే మనుషులు. రాత్రి టార్చి వెలుతురులో పట్టి తెచ్చింది పల్లె మనిషి. పట్టి తెచ్చిన ఆ పక్షి మాత్రం బతకలేదు. పండితులు లేదన్న పక్షి మన పల్లె మనిషికి తెలిసిన పిట్ట. జ్ఞానం ఎవరి దగ్గర ఉందో, డిగ్రీ ఎవరి దగ్గర ఉందో ఈ ఒక్క కథ చాలు చెప్పడానికి.

1988లో లంకమలను అభయారణ్యంగా ప్రకటించినారు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు లెక్క తీసి ఇంకో సంగతి చెప్పినారు. పొదలు మరీ దట్టంగా ఉన్నా, మరీ పలచబడినా కలివికోడి నిలవదు. హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల దాకా పెద్ద పొదలు, మధ్య మధ్య ఖాళీ నేల ఉండాలి. మేకలు మేసి, కట్టెలు కొట్టుకున్న నేల కొంతమేరకు అట్లే ఉంటుంది. మితిమీరితే పాడవుతుంది, అసలు లేకపోయినా పొద మూసుకుంటుంది. అంటే మేకల కాపరిని దొంగలాగా చూడటం శాస్త్రం కాదు. ఎన్ని మేకలు, ఏ నెలలో, ఏ గుట్ట మీద అని కూర్చోబెట్టి మాట్లాడటం శాస్త్రం. అదే 2005లో ఆ పక్షి తిరిగే నేలలో తెలుగుగంగ కాలువ కోసం యంత్రాలు దిగి తవ్వినాయి. గొడవయినాక కాలువ దారి మార్చినారు. మేకపిల్ల కొరికిన ఆకెంత? యంత్రం తవ్విన గుంత ఎంత?

2025లో ఆ కలివికోడి కూత మళ్ళీ వినబడిందని, దాన్ని రికార్డు చేసినామని పక్షుల్ని చూసేవాళ్ళు ప్రకటించారు. సంతోషం. ఇప్పుడు ఇంకో ప్రమాదం. కెమెరాలు పట్టుకొని నలుమూలల నుంచి వచ్చే ఉత్సాహవంతులకు ఒక మాట చెప్పాలి. రాత్రిళ్ళు పొదల్లో లైట్లు కొట్టకండి. ఫోనులో దాని కూత పెట్టి దాన్ని రప్పించకండి. తన హద్దులోకి ఇంకోటి వచ్చిందనుకొని అది గూడూ మేతా వదిలి తిరుగుతుంది. దాన్ని చూడకపోయినా అది ఉందని తెలిస్తే చాలు. ప్రతిదీ కంటితో చూసి, ఫోటో తీసి, నాదని చెప్పుకోవాలనే ఆశ జమీందారీ ఆశ.

‘కూడు లేనోళ్ళకు కొండల గొడవ ఎందుకు?’

మనలోనే కొందరు ఇట్లా అడుగుతారు. ‘కూలి లేదు, భూమి లేదు, పిల్లోల్లకు ఫీజు లేదు. మనకు ఈ అడివి ముచ్చట్లెందుకు సామీ? ఇది ఉన్నోళ్ళ సోకు.’ ఈ మాటలో బాధ ఉంది, కాదనం. కానీ అడివి ఖరాబయితే ముందు నష్టపోయేది ఎవరు? ఉన్నోడికి గండికోట పోతే ఊటీ ఉంది, ఊటీ పోతే విమానం ఉంది. వంటచెరుకు, మేత, మందాకు, చీపురు పుల్ల, ఊటనీళ్ళు, సీతాఫలం, ఈతపండు మీద బతికే మనకు ఇంకో కొండ లేదు. సొంత భూమి లేనోడికే ఉమ్మడి భూమి ఎక్కువ అవసరం. అందుకే ఇది మన గొడవే.

ఇంకొందరు చదువుకున్న పెద్దమనుషులు వేరే మాట చెప్తారు. ‘మనుషులు పోతేనే అడివి పాడవుతుంది, అసలు ఎవర్నీ పోనీకుండా కంచె వేయాలి’ అని. కంచె వేస్తే ముందు ఆగేది ఎవరు? టికెట్టు కొన్న కారు ఆగదు. కట్టెలమోపు నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ఆగుతుంది. నల్లమలలో 1983లో పులుల అభయారణ్యం చేసినారు. అక్కడ తరతరాలుగా ఉన్న చెంచులే ఇప్పటికీ తమ గూడెంలో తాము ఉండటానికి కాగితం చూపించాల్సి వస్తోంది. 2006 అటవీహక్కుల చట్టం ఉన్నా అదే కథ. శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చచ్చిపోయినారు. ఎర్రచందనం నరకడం తప్పే. ఆ దుంగలు కొని కోట్లు గడించినోళ్ళ ఒంటి మీద ఎన్ని గుండ్లు పడినాయి? అడివిని కాపాడటమనే పేరుతో పేదోన్ని అడివికి శత్రువును చేస్తే అడివీ మిగలదు, పేదోడూ మిగలడు.

వేరే దారి ఉంది. ఆత్మకూరు వైపు బైర్లూటిలో, నంద్యాల దాటినాక పచ్చర్లలో అటవీశాఖ నడిపే విడిదుల్లో చెంచులు పనిచేస్తున్నారు, దారి చూపిస్తున్నారు. తలకోన జలపాతం కాడ నెరబైలు వన సంరక్షణ సమితి పనులు చూసుకుంది. అవి లోపాలు లేనివని మేం చెప్పడం లేదు. జీతం ఎంత, పెత్తనం ఎవరిది అని అక్కడా అడగాల్సిందే. కానీ అడివి తెలిసినోడే అడివి చూపించాలన్న సూత్రం సరైంది. బెలుం గుహల్ని చూడండి. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలు ఒకప్పుడు చుట్టుపక్కల కసువు వేసే బొందగా ఉండేవి. కసువు ఎత్తేసి, దారులు చేసి 2002లో జనానికి తెరిచినారు. ఇప్పుడు టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. కసువుబొంద అనుకున్నది కూడా కాపాడుకుంటే ఊరికి అన్నం పెడుతుంది. ఆ అన్నంలో కసువు ఎత్తినోడి వాటా ఎంత అన్నదే మన ప్రశ్న.

మనమూ పోదాం, తలెత్తుకొని పోదాం

మనవాళ్ళు కోటలూ కొండలూ చూడటానికి పోవద్దని మేం చెప్పడం లేదు. తప్పక పోవాలి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చౌదారు చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగింది దాహానికి కాదు. అందరిదైన చోట మేమూ అందరిలాంటి మనుషులమేనని చెప్పడానికి. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే చోట్లు అన్నింటిలో కులం పేరుతో అడ్డు చెప్పకూడదని రాసింది. అదే రాజ్యాంగం 51ఏ అధికరణంలో అడవుల్నీ చెరువుల్నీ ఏళ్ళనూ వన్యప్రాణుల్నీ కాపాడటం ప్రతి పౌరుడి విధి అని రాసింది. హక్కు అడిగేవాళ్ళం విధిని కూడా చేసి చూపిస్తేనే మన నోటికి బలం.

మేము బడిపిల్లల్ని గండికోటకు తీసుకుపోయిన ఒకసారి జరిగింది చెప్తాం. అందరూ కలిసి తిన్నారు. తిన్నాక పళ్ళేలు ఎత్తడానికి వెంట వచ్చిన ఒక పెద్దమనిషి పేట పిల్లలిద్దర్ని పేరు పెట్టి పిలిచినాడు. కోపంతో కాదు, అలవాటుగా పిలిచినాడు. ఆ పిల్లలు కూడా అలవాటుగానే లేచినారు. మేం ఆపి, ‘ఎవరి పళ్ళెం వాళ్ళే’ అన్నాం. ఊళ్ళో మోతుబరి కొడుకు ముందు కొంచెం నసిగినాడు, తర్వాత తన పళ్ళెం తానే తీసి కడిగి సంచిలో పెట్టుకున్నాడు. పర్యావరణం పాఠం, పౌరశాస్త్రం పాఠం ఆ పిల్లోడికి ఒక్క నిమిషంలో అర్థమైంది. ఏ పుస్తకంతోనూ అంత తొందరగా చెప్పలేం.

అప్పట్నించి మేము పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. సంఘాలు, యువజనులు, మహిళా గ్రూపులు ఎవరు పోయినా పాటించవచ్చు.

ఒకటి. సద్ది ఇంటి నుంచే. జొన్నరొట్టె, ఊరుబిండి, ఉడకబెట్టిన శెనక్కాయలు గుడ్డలో కట్టుకుంటే ఏ ప్లాస్టిక్కూ అక్కరలేదు. నీళ్ళకు స్టీలు సీసా. థర్మోకోల్ పళ్ళేలు, ప్లాస్టిక్ చెంచాల్లాంటి వాటిని దేశమంతా 2022 జూలై 1 నుంచే నిషేధించినారు. విస్తరాకులు కావాలంటే కుట్టే ఆడవాళ్ళ దగ్గరే కొనండి, నాలుగు రూపాయలు మనవాళ్ళకే పోతాయి.

రెండు. ఎవరి కసువు వాళ్ళ సంచిలోనే ఊరికి తిరిగి రావాలి. అరటితొక్క, కోడిగుడ్డు పెంకు కూడా. ఆడ పూడ్చినాంలే అంటే కుక్కలు, కోతులు తవ్వుతాయి.

మూడు. వంకలో, మడుగులో సబ్బు, షాంపూ వాడకూడదు. బయటికి పోవాలంటే నీళ్ళకు రెండు వందల అడుగుల దూరం పోయి, జానెడు లోతు గుంత తీసి, మళ్ళీ మట్టి కప్పాలి. మన గుంత మనమే తీసుకోవాలి.

నాలుగు. నిప్పు వద్దు. శివరాత్రి దాటినాక బోదగడ్డి ఎండి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు గుట్టంతా కాలడానికి. కాలిన గుట్ట మీద మేకకు మేత ఉండదు, పిట్టకు గూడు ఉండదు. వంట తప్పనిసరైతే ఊరి దగ్గరే చేసుకొని పోవాలి.

ఐదు. కోతికి తిండి పెట్టడం పుణ్యం కాదు. మనిషి చేతి తిండి అలవాటైన కోతి రోడ్డు మీద బండ్ల కింద పడుతుంది, తర్వాత మన చేల మీద పడుతుంది.

ఆరు. కోటగోడల మీద, గుండ్ల మీద పేర్లు చెక్కకూడదు. మన పేరు చెరిపేసినోళ్ళ చరిత్ర మనకు తెలుసు. అది చాలదన్నట్టు మనం ఇంకోళ్ళ చరిత్ర మీద గీతలు గీయొద్దు.

ఏడు. మైకు వద్దు, నడిచిన దారి విడిచి పొదల్లో పడొద్దు. పోయే ముందు ఆ ఊరి వాళ్ళను అడిగి పోవాలి. గైడు, టీ, భోజనం ఏదైనా ఆ ఊరి వాళ్ళ దగ్గరే, బేరమాడకుండా.

ఎనిమిది. మందు వద్దు. మనవాళ్ళు కొందరు దీనికి నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా సరే చెప్తాం. గండి అంచున పగిలిన సీసా మీద చెప్పుల్లేని కాళ్ళతో నడిచేది మన మేకలకాపరి పిల్లోడే.

మా డిమాండ్లు

మనం మారితే చాలదు, ప్రభుత్వాన్ని అడగాలి. గండికోట అప్పుడబ్బు ఖర్చయ్యేటప్పుడే అడగాలి, ఖర్చయినాక అడిగితే బిల్లులే మిగులుతాయి.

గండికోట, చుట్టుపక్కల ఊళ్ళ గ్రామసభల్లో టికెట్ల ఆదాయం, ఖర్చు, ఎత్తిన కసువు లెక్క మూడు నెలలకోసారి చదివి వినిపించాలి. ఆదాయంలో స్థిరమైన వాటా ఆ పంచాయతీలకు రావాలి.

గైడులు, విడిదులు, భోజనశాలలు, గుడారాల లైసెన్సుల్లో జలాశయం కింద ఇళ్ళు పోయిన కుటుంబాలకు, ఎస్సీ, ఎస్టీ మహిళా సంఘాలకు ముందు వాటా ఇవ్వాలి. మన పిల్లలకు గైడు శిక్షణ ఇవ్వాలి.

శుభ్రం చేసే పని ఏ ఒక్క కులానికీ అంటగట్టకూడదు. ఆ పని చేసే ఎవరికైనా పర్మినెంటు ఉద్యోగం, చేతితొడుగులు, బూట్లు, పీఎఫ్, వైద్యం ఉండాలి. 2013 చట్టం చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధించింది. పర్యాటక స్థలం పేరుతో దాన్ని వెనకదారిన తేవొద్దు.

సీసా తెచ్చినోడి దగ్గర గేటుకాడే డిపాజిట్ తీసుకోవాలి. నీలగిరి జిల్లాలో 2022 నుంచి మందు సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకొని, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ పది ఇచ్చేస్తున్నారు. పది రూపాయల కోసం వంగని నడుములు లేవు. ఊటీలో అయ్యేది గండికోటలో ఎందుకు కాదు?

రాత్రికి ఇన్ని గుడారాలే, రోజుకు ఇన్ని బండ్లే అని హద్దు పెట్టాలి. ఆ హద్దు నిర్ణయించేటప్పుడు కాపరులనూ కూలీలనూ పిలవాలి.

చివరగా వనభోజనాల పెద్దలకు ఒక మాట. మీ కులం వాళ్ళంతా ఒకచోట కూర్చొని తినండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ లేచేటప్పుడు మీ విస్తరి మీరే ఎత్తండి. మీ నాయకుణ్ణీ ఎత్తమనండి. ఉసిరిచెట్టు కింద ఆ ఒక్క పని చేసి చూపించిన రోజు మీ ప్రకృతి ప్రేమను నమ్ముతాం. మన పేటల్లోని తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇంకో మాట. ఈ కార్తీకంలో కులమూ మతమూ చూడకుండా అందర్నీ పిలిచి ఒక వనభోజనం పెడదాం. రొట్టెలు మనవి, పాట మనది. పోయేటప్పుడు ఎవరి ఎంగిలి వాళ్ళ చేతిలో ఉంటుంది. చీపురు మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు.

జై భీమ్!